తొమ్మిదడుగుల తీగె కోసం

లైసెన్సు లేకుండా ఎవరైనా మాట్లాడుకోగల రేడియో పట్టీ ఒకటి మన దేశంలో ఉందంటే తిరువళ్లూరులోనూ తిరుత్తణిలోనూ చాలామంది నమ్మరు. 2005లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా, 5 వాట్లకు మించని సెట్టు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. దీన్ని సిటిజన్స్ బ్యాండ్ అంటారు, పొట్టిగా సీబీ. అమెరికాలో 1970లలో లారీ డ్రైవర్లు ఒకరికొకరు దారి చెప్పుకున్నది, ఇంధనం ఏ బంకులో దొరుకుతుందో కనుక్కున్నది దీని మీదే. ఇక్కడ అనుమతి వచ్చి ఇరవై ఏళ్లయినా చెన్నై నుంచి తిరుపతి వెళ్లే లారీల్లో సీబీ సెట్టు కనబడడం బహు అరుదు.

దీనికి కారణం డ్రైవర్ల నిరాసక్తత కాదు, నిబంధనలో ఉన్న ఒక షరతు. ఏంటెన్నా సెట్టులోనే అమర్చి ఉండాలట. 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. ఏంటెన్నా సరిగ్గా పనిచేయాలంటే అందులో నాలుగో వంతైనా ఉండాలి. అంటే 2.75 మీటర్లు, మన లెక్కలో తొమ్మిదడుగులు. చేతిలో పట్టుకునే సెట్టుకు అంత కడ్డీ ఎవరూ బిగించలేరు. జానెడు రబ్బరు గొట్టంలో తీగెను చుట్టి కుదిస్తే, సెట్టు పంపే శక్తిలో పెద్ద భాగం గాలిలోకి వెళ్లకముందే వేడిగా ఖర్చయిపోతుంది. అదే లారీ క్యాబిన్ మీదో ఇంటి డాబా మీదో తొమ్మిదడుగుల తీగె నిలబెట్టుకోనిస్తే అంతే శక్తితో మాట ఎన్నో రెట్ల దూరం పోతుంది. అనుమతి ఇచ్చి, ఆ అనుమతి పనికిరాకుండా చేసే షరతు పెట్టడం న్యాయం కాదు.

ఇంకొక చిక్కూ ఉంది. ఈ పట్టీ సరిగ్గా 27.12 మెగాహెర్ట్జ్ చుట్టూ పరిశ్రమలకు కేటాయించిన పట్టీయే. ప్లాస్టిక్ షీట్లను వేడితో అతికే యంత్రాలు ఇదే పౌనఃపున్యం మీద నడుస్తాయి. అంబత్తూరు, గుమ్మిడిపూండి లాంటి పారిశ్రామికవాడల పక్కన ఉండే మనిషికి ఆ రొద భరించక తప్పదు, ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు. అయినా పట్టీ పనికిరానిదేమీ కాదు. అమెరికా సీబీలో 40 ఛానెళ్లుంటే మొదటి 27 మన పట్టీలో ఇమిడిపోతాయి. అత్యవసరాలకు వాళ్లు వాడే 9వ ఛానెల్, లారీలవాళ్లు వాడే 19వ ఛానెల్ రెండూ అందులోనే ఉన్నాయి. మారాల్సింది ఏంటెన్నా షరతు ఒక్కటే.

మార్చమని అడిగి సాధించుకున్న జనం ఉన్నారు. బ్రిటన్‌లో 1970ల చివర అమెరికన్ సీబీ సెట్లు దొంగచాటుగా ఇళ్లలోకి చేరాయి. పట్టుబడితే జరిమానాలు పడేవి. అభిరుచి ఉన్నవాళ్లు క్లబ్బులు కట్టారు, ఊరేగింపులు తీశారు, తమ నియోజకవర్గ ఎంపీల వెంట పడ్డారు. ప్రభుత్వం మొదట 900 మెగాహెర్ట్జ్‌కు పైన చోటిస్తానంది. అక్కడ సెట్టు ఖరీదు, దూరం తక్కువ, మాకొద్దని వాళ్లు తిప్పికొట్టారు. 1981 నవంబరు 2న 27 మెగాహెర్ట్జ్ మీద సీబీ చట్టబద్ధమైంది. ఏ పౌనఃపున్యం పనికొస్తుందో తెలిసినవాళ్లే అడిగారు కాబట్టి పనికొచ్చేది దొరికింది.

మన దగ్గర ఆ తెలివిడి ఉన్నవాళ్లు అభిరుచితో రేడియో నడిపే హ్యామ్‌లు. పన్నెండేళ్లు దాటినవాళ్లెవరైనా రేడియో సిద్ధాంతం, నిబంధనల మీద పరీక్ష రాసి, కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుంచి లైసెన్సు తెచ్చుకుంటే వీయూ2తోనో వీయూ3తోనో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు 1921లో మొదలుపెట్టిన ఈ సంప్రదాయానికి నూరేళ్లు దాటాయి.

ఇందులో మొదటి విద్య వినడం. కొత్తగా వచ్చిన కుర్రాడు మైకు పట్టుకోకముందు వారాల తరబడి వింటాడు. ఏ రొద ఆకాశంలోని మెరుపులది, ఏది పక్కింటి మోటారుది, గొంతు అలలా పెరిగి తగ్గుతుంటే వాతావరణపు పై పొరల్లో ఏం జరుగుతోంది, ఇవన్నీ చెవికి పట్టాలి. వాటికి క్యూఆర్‌ఎన్, క్యూఆర్‌ఎమ్, క్యూఎస్‌బీ అని సంకేతాలున్నాయి. తమిళుడైనా తెలుగువాడైనా జపానువాడైనా అవే వాడతాడు.

రెండో విద్య తీగె కట్టడం. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ అనే రెండు చేతుల ఏంటెన్నా కావాలంటే 143ను 7.1తో భాగించాలి, 20 మీటర్లు వస్తుంది. మధ్యలో కోసి అటు పది, ఇటు పది మీటర్ల రాగితీగెను రెండు కొబ్బరిచెట్ల మధ్య లాగితే పని అయిపోతుంది. దాన్ని ఎంత ఎత్తున కట్టామన్నదే అసలు నేర్పు. ఎత్తుగా కడితే తరంగం దిగంతం వైపు పోయి దూరదేశాలకు చేరుతుంది. ఇరవై అడుగుల్లో కడితే నిట్టనిలువుగా పైకి పోయి, ఆ పై పొరలైన అయనోస్ఫియర్‌ను తాకి, గొడుగులా చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. పగటిపూట తిరుత్తణి నుంచి అలా మాట్లాడితే చిత్తూరు, నెల్లూరు, చెన్నై అన్నీ ఆ గొడుగు కిందే. మధ్యలో టవర్ లేదు, కేబుల్ లేదు, కొండ అడ్డు లేదు. తుపానులో కావలసింది ఈ తక్కువ ఎత్తు తీగే.

చిన్న చేతిసెట్ల సంగతి వేరు. అవి వాడే వీహెచ్‌ఎఫ్ తరంగం కంటిచూపులా నేరుగా పోతుంది. ఏంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లు అందుతుందో తెలుస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషికి ఐదు కిలోమీటర్లు. నూరు మీటర్ల ఎత్తున కొండ మీద కూర్చున్నవాడికి నలభై పైచిలుకు. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లని భక్తులు చెప్పుకుంటారు. ఆ మెట్లు ఎక్కి నిలబడ్డ ఒక్క హ్యామ్ చుట్టుపక్కల మైదానంలోని ఊళ్లన్నిటికీ మాట అందించగలడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. తరంగానికి ఆ హద్దు లేదు. ఆంధ్ర వైపు కొండల్లో వాన పడితే పళ్లిపట్టులో ఏరు పొంగుతుంది. హెచ్చరిక కూడా అటునుంచి ఇటు అంతే తేలిగ్గా దాటాలి.

చుక్కలు, గీతలతో మాట పంపే మోర్స్ గురించి ఒక మాట చెప్పాలి. 2003 ప్రపంచ రేడియో సమావేశం దాన్ని తప్పనిసరి చేసే నియమాన్ని తీసేసి నిర్ణయం దేశాలకే వదిలింది. ఆ తర్వాత కూడా మనవాళ్లు జనరల్ గ్రేడ్ పరీక్షలో నిమిషానికి 8 మాటల వేగాన్ని ఉంచారు. బలవంతం అక్కర్లేదని నా అభిప్రాయం. విద్య మాత్రం పోకూడదు. మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ చోటు కావాలి, మోర్స్‌కు అందులో పదో వంతు కూడా వద్దు. రొదలో మాట మునిగిపోయిన చోట కూడా ఆ సన్నని స్వరం చెవికి తగులుతుంది.

సెట్లు స్వయంగా చేసుకోవడం ఈ సంప్రదాయానికి గర్వకారణం. హైదరాబాద్‌కు చెందిన అశర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, 2000లలో బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్ రూపొందించారు. ఖరీదైన విదేశీ ఫెరైట్ వలయాలకు బదులు నీటి కుళాయిల్లో వేసే ప్లాస్టిక్ వాషర్ల మీద తీగె చుట్టించారు. ప్రతి భాగమూ చిన్న ఊరి దుకాణంలో దొరకాలన్నది ఆయన పట్టు. ఆరు వాట్ల ఆ సెట్టును ప్రపంచమంతటా హ్యామ్‌లు చేసుకున్నారు. ఈ చేతిపని అంతరిక్షానికీ వెళ్లింది. పులికాట్ సరస్సుకు ఆవలి ఒడ్డున శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ సీ6 మోసుకుపోయిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం బరువు 42.5 కిలోలే. అందులో ఒక ట్రాన్స్‌పాండర్ మన హ్యామ్‌ల పని, ఇంకొకటి ఒక డచ్చి విద్యార్థి చేసింది. ఇస్రో ఎగరేసిన ఆ చిన్న ఉపగ్రహం 2014 దాకా హ్యామ్‌ల మాటలు మోసింది.

ఇదంతా సరదా అనుకునేవాళ్లకు 2004 డిసెంబరు గుర్తు చేయాలి. అండమాన్‌లో హ్యామ్ స్టేషన్ పెట్టడానికి చాలా ఏళ్లుగా అనుమతి దొరకలేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, పట్టుబట్టి అనుమతి సాధించి పోర్ట్‌బ్లెయిర్ చేరారు. వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచం నలుమూలల హ్యామ్‌లతో మాట్లాడుతుండగా డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. పలకరింపులు ఆపి ఆ స్టేషన్ సహాయ సమాచారం వైపు తిరిగింది. కార్ నికోబార్‌కూ సెట్లు వెళ్లాయి. బతికున్నామన్న కబుర్లు ప్రధాన భూమికి చేరాయి. ఆ అనుమతి ఒక్క నెల ఆలస్యమై ఉంటే ఆ రోజు అక్కడ ఆ సెట్టు ఉండేది కాదు. అదే రోజు మన పులికాట్ తీరానికీ కెరటం వచ్చింది.

ఇక ప్రాతినిధ్యం మాట. హ్యామ్ సంప్రదాయంలో గాలిలో రాజకీయం, మతం మాట్లాడరు. ఆ మర్యాద మంచిదే. కానీ వాళ్ల తీగె పొడవు దగ్గర్నుంచి వాడే పట్టీ దాకా ప్రతిదీ రాజకీయ నిర్ణయమే. అంతర్జాతీయంగా పట్టీలు పంచే సమావేశాల్లో ఓటు ప్రభుత్వాలది. 1925లో పారిస్‌లో పుట్టిన ఇంటర్నేషనల్ అమెచ్యూర్ రేడియో యూనియన్ అక్కడ కూర్చుని వాదించగలదు, అంతే. అలా వాదించే 7.1 నుంచి 7.2 మెగాహెర్ట్జ్‌ను 2009 మార్చి నుంచి మన ప్రాంతానికి తెచ్చిపెట్టింది. చట్టసభలో తమ మనిషి ఉంటే ఏమవుతుందో అమెరికా హ్యామ్‌లకు తెలుసు. సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ కాల్‌సైన్ కే7యూజీఏ. విదేశీ హ్యామ్‌లు అమెరికాలో సెట్టు వాడుకోనిచ్చే 1964 చట్టం ఆయన చొరవే. ఊరి పెద్దలు ఏంటెన్నాను ఊరికే కాదనకూడదని 1985లో వాళ్ల నియంత్రణ సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. మన అపార్టుమెంటు సంఘాల దగ్గర చేతులు కట్టుకు నిలబడే హ్యామ్‌లకు అలాంటి ఆసరా కావాలి.

మనకూ ఒకప్పుడు అలాంటి మనిషి ఉన్నాడు. రాజీవ్ గాంధీ కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. 1984లో హ్యామ్ పరికరాలకు దిగుమతి సుంకం మినహాయింపు మొదలైంది. ఆయన 1991 మే 21న తిరువళ్లూరుకు దక్షిణాన కొద్ది దూరంలోని శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యారు. దర్యాప్తులో ఎల్‌టీటీఈ వైర్‌లెస్ సందేశాలు కూడా ఒక ఆధారమయ్యాయి. వైర్‌లెస్ అంటే భద్రతావర్గాలు జాగ్రత్త పడడం అర్థం చేసుకోదగ్గదే. అయితే పరీక్ష రాసి, పేరు నమోదు చేసుకుని, ప్రతి మాటకూ కాల్‌సైన్ చెప్పుకునేవాడి వల్ల భద్రత పెరుగుతుంది. బెడద అనుమతి లేని వాకీటాకీలతోనే. వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. చట్టబద్ధమైన దారి ఇరుకైతే జనం అడ్డదారి పడతారు.

అడగడానికి ఇదే అదను. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, దాని కింద కొత్త నిబంధనలు రాస్తున్న కాలమిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వైర్‌లెస్ కేంద్ర జాబితాలో ఉంది కాబట్టి ఎమ్మెల్యే చుట్టూ తిరిగి లాభం లేదు. తిరుత్తణి అరక్కోణం లోక్‌సభ స్థానంలో ఉంది, తిరువళ్లూరుది సొంత స్థానం. ఆ ఇద్దరు ఎంపీలు సభలో వేయదగ్గ ప్రశ్న ఇది: సీబీకి విడి ఏంటెన్నా ఎందుకు ఒప్పుకోరు? ఇక కలెక్టర్ దగ్గర అడగాల్సింది జిల్లా విపత్తు ప్రణాళికలో హ్యామ్‌ల కాల్‌సైన్లు, వాళ్లు వినే పౌనఃపున్యం రాసి ఉంచమని. 2015 డిసెంబరు వరదల్లో ఫోన్లు మూగబోవడం ఈ జిల్లా చూసింది, 2016 వర్దా తుపానులోనూ చూసింది. ఈ రెండు కోరికలకూ ఖజానా నుంచి పెద్ద ఖర్చు లేదు. మీ ఊళ్లో హ్యామ్ ఉంటే అతని పేరుతో పాటు మీ పేరూ కలిపి ఎంపీకి ఒక ఉత్తరం రాయండి, వచ్చే ఈశాన్య రుతుపవనాలకు ముందే రాయండి.