మృగములను సోదె యడుగుట

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీలో మా సంఘపు బిడ్డ యొకతె కుట్టుపని చేసికొని బ్రదుకుచున్నది. సినిమావారికి దుస్తులు సిద్ధపరచు ఒక యింటి మేడమీద ఆమె మిషను. ఆ వీధులలో చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయములు మెండు. ఇంకను పైకి పోయినచో జూబిలీహిల్స్, ఫిలింనగర్. గడచిన వానకాలములో నేను పనిమీద నగరమునకు వెళ్లి ఆమెను చూడబోతిని. ఆమె టీ యిచ్చి, కొంచెము వెనుకాడి, సొరుగులోనుండి పట్టుగుడ్డలో చుట్టిన పేకదస్తావంటి దానిని తీసి నా యెదుట పెట్టెను.

“అయ్యగారూ, ఇది మా మేడమ్‌ది. కొత్త సినిమా ఒప్పుకునే ముందు ఇందులో ముక్క తీసి చూసుకుంటారు. నన్ను కూడా ఒకటి తియ్యమంటున్నారు. దీనిమీద దేవదూత ఉన్నాడు, ప్రకటన గ్రంథంలోని నాలుగు జీవులూ ఉన్నాయి. మరి తప్పెట్లా అవుతుందండీ?” అని అడిగెను.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము నా నాలుక చివరనే యుండెను. గాని ఆమె యడిగినది ఆజ్ఞ యేమిటని కాదు. మన గ్రంథములోని రూపములు అక్కడ ఎందుకున్నవని. అందుచేత ఊరకే జవాబియ్యక ఆ దస్తాను మొదటినుండి చివరివరకు చూచితిని, దానితోకూడ నున్న చిన్న పుస్తకమును చదివితిని. పట్నపు గొడవ పల్లె సంఘములకేల యని కొందరనవచ్చును. ప్రియ చదువరులారా, కొంచెము ఓర్చుకొనుడి. ఈ దారి మన గుడి గుమ్మమునకే వచ్చును.

దీనిని టారో అందురు. ముక్కలు 78, అందులో 22 పెద్దవి, 56 చిన్నవి. నేను చూచిన దస్తాలో మనుష్యుల బొమ్మలకు బదులుగా చాలవరకు కల్పిత మృగములున్నవి: ఒంటికొమ్ము గుఱ్ఱము, రెక్కలు గల సర్పము, గ్రద్ద తల గల సింహము, బూడిదలోనుండి లేచు అగ్నిపక్షి, సాగరకన్య. చిత్రకారుని చేయి మంచిది. సాగరకన్య పొలుసులమీద వెన్నెల పడిన తీరు మెచ్చుకొనకపోయినచో నేను అబద్ధికుడనగుదును. పుస్తకము చదివిన తరువాతనే నిరుత్సాహము కలిగెను. సర్పమునకు కోరలున్నవి, గోళ్లున్నవి, నోట మంట యున్నది; అర్థము చూడబోగా, నీలో దాగిన బలమును నమ్ముకొమ్మని! గ్రద్దతల సింహము నీ హద్దులు కాపాడుకొమ్మనును. అగ్నిపక్షి త్వరలో మంచి మార్పు రానున్నదనును. అన్ని మృగములలో ఒక్కటియు కరవదు. నీవు పనివాని కూలి బిగబట్టితివని గాని, నీ సహోదరునితో సమాధానపడుమని గాని ఒక్కటియు చెప్పదు. అన్నియు పెండ్లిండ్ల పేరయ్య మాటలే.

ఇక దేవదూత సంగతి. ఒక ముక్కమీద దూత బూర ఊదుచుండగా సమాధులలోనుండి మృతులు లేచుచున్నారు. మరియొక దానిమీద నాలుగు మూలలను మనుష్యుడు, పక్షిరాజు, సింహము, ఎద్దు. ఇవి యెహెజ్కేలు మొదటి అధ్యాయములోనివి, ప్రకటన నాలుగవ అధ్యాయములోనివి అనుటలో సందేహము లేదు. ఈ చీట్లు మొట్టమొదట 15వ శతాబ్దములో ఇటలీ ఉత్తరభాగమున, మిలాను ప్రభువులవంటి గొప్పవారి యిండ్లలో పుట్టినవి. ఆ దేశపు చిత్రకారులు గుడి గోడలమీద నిత్యము చూచిన బొమ్మలనే ముక్కలమీదను వ్రాసిరి. ఆ దినములలో అవి జోస్యమునకు కావు, వట్టి పేకాటకు. మూడువందల యేండ్లకు పైగా జనులు వాటితో ఆటయే ఆడుకొనిరి.

మన దేశములోను ఇట్టిది యుండెను. బాబరు 1527లో సింధుదేశపు ప్రభువునకు గంజీఫా చీట్లు పంపినట్లు తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. తరువాత అవి మన చిత్రకారుల చేతులలో గుండ్రని ముక్కలై, దశావతారముల పేరిట 120 ముక్కల దస్తాగా మారినవి: చేప, తాబేలు, పంది, నరసింహము, ఇట్లు. సావంత్‌వాడిలోను, మైసూరులోను, మన నిర్మల్‌లోను వాటిని రంగులతో వ్రాసిరి. వాటిలో మృగములున్నను వాటిని జనులు చేతబట్టినది ఆటకే.

మరి టారో చీట్లకు ఈ మహత్తు ఎక్కడనుండి వచ్చినది? 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలిన్ అను పండితుడు ఇవి ఐగుప్తీయుల పూజారులు దాచిన జ్ఞానగ్రంథమని వ్రాసెను. అప్పటికి ఐగుప్తు లిపిని చదువగలవాడు లోకములో ఒక్కడును లేడు. షాంపొలియన్ దానిని విప్పినది 1822లో. విప్పిన తరువాత అందులో ఈ చీట్ల ఊసే లేదు. అప్పటికే వ్యాపారము సాగిపోయెను. ఎత్తెల్లా అను పేరుపెట్టుకొనిన ఒకడు జోస్యము కొరకే ఒక దస్తా చేయించి అమ్మెను. నేడు ఎక్కువగా కనబడు నమూనా 1909లో లండనులో వెలువడినది. వెయిట్ అను నతడు చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అను స్త్రీ గీచినది. ఆ మొదటి పండితుడు, కూర్ ద జెబెలిన్, యౌవనమున ప్రొటెస్టంటు పాదిరిగా అభిషేకము పొందినవాడే. ఈ సంగతి నన్ను కొంత సిగ్గుపరచెను. వేదాంత పాఠశాలలో చదివినంత మాత్రాన వెర్రి ఊహలనుండి తప్పించుకొనలేమన్నమాట.

కల్పిత మృగముల బొమ్మ గీయుటయే పాపమని నేననను. మన తెలుగు బైబిలులో గురుపోతు అని యున్నచోట 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు ఒంటికొమ్ము మృగమని వ్రాసిరి. ప్రాచీన గ్రీకు అనువాదము వారిని ఆ త్రోవ పట్టించెను. మొదటి శతాబ్దపు చివర రోమాపురి క్లెమెంతు కొరింథీయులకు వ్రాసిన లేఖలో అగ్నిపక్షి కథనే యెత్తి, నిజముగా అట్టి పక్షి కలదనుకొని, మృతుల పునరుత్థానమునకు గురుతుగా చూపెను. పక్షి సంగతిలో ఆయన పొరబడెను. చూపిన దిక్కులో పొరబడలేదు. ఆయన పక్షి క్రీస్తు సమాధివైపు చూచుచున్నది. చీటిమీది పక్షి చీటి తీసినవాని ముఖమువైపు చూచుచున్నది. నేను ఈ దస్తామీద మోపు నేరము ఇదే.

యోబు గ్రంథము తెరచి చూడుడి. యోబు తన కష్టమునకు కారణమడుగగా దేవుడు కారణము చెప్పలేదు. అడవిగాడిదను, గురుపోతును, నీటిగుఱ్ఱమును, మకరమును అతని కన్నులయెదుట నిలువబెట్టెను. ఆ మృగములలో ఒక్కటియు యోబుతో అతని రేపటిని గూర్చి మాటాడదు. అవి అతనికి లోబడవు, అతని లెక్క చేయవు. వాటిని తలంచి యోబు నోటిమీద చేయి వేసికొనెను. యెహెజ్కేలు జీవులను చూచి సాగిలపడెను. ప్రకటనలోని జీవులకు రాత్రింబగళ్లు దేవుని స్తుతించుటతోనే సరిపోవును. నా యుద్యోగము, నా కుమార్తె పెండ్లి వాటికి పట్టవు. అట్టి వాటిని పట్టి తెచ్చి, చిలుకకు ముక్కు కత్తిరించినట్లు కత్తిరించి, మన మెప్పు పలికించుట వాటికి అవమానము, మనకు నష్టము.

చిలుక యనగానే జ్ఞాపకము వచ్చెను. మా సంతలో చెట్టుక్రింద కూర్చుండు చిలుక జోస్యునియొద్ద దేవతల పటముల నడుమ కన్య మరియ పటమును కూడ ఒకనాడు చూచితిని. ఏ గిరాకీ వచ్చునో యెవరికి తెలియును! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన మన చిలుకలను పంజరములో నుంచుట నేరమైనది. పట్టుగుడ్డలోని దస్తాకు ఏ చట్టమును లేదు. సంతలోని వానిని చూచి నవ్వు చదువుకొనినవారు మేడమీద అదే పని చేయుచున్నారు. భేదము అట్ట నాణ్యతలో. బిలామునొద్దకు సోదె సొమ్ము పట్టుకొని వెళ్లినవారు మోయాబు పెద్దలే గదా. ఫిలిప్పీలో పౌలు స్వస్థపరచిన చిన్నదానికి పట్టిన దయ్యము పేరు పుతోను. అది గ్రీకుల కథలో దెల్ఫీని కాచిన మహాసర్పము పేరు. లాభము ఆ చిన్నదానిది కాదు, యజమానులది. కావున బుట్ట పట్టుకొని వీధివెంట తిరుగు ఎరుకల స్త్రీమీద రాళ్లు వేయుటకు ముందు, లాభమెవరిదో చూడవలెను.

ఆ మేడమ్‌ను గూర్చి కూడ నాకు కోపము రాలేదు. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన చిత్రము గుమ్మడికాయ కొట్టువరకు వచ్చునో రాదో, వచ్చినను శుక్రవారము ఉదయపు ఆటకు జనము వచ్చునో రారో, ఎవరును చెప్పలేరు. వందలమంది అన్నము ఆ ఒక్క శుక్రవారముమీద నుండును. అట్టిచోట భయము గాలివలె నిండియుండును. విత్తనము వేసి ఆకాశము చూచుచున్న రైతుకు ఆ భయము క్రొత్త కాదు.

ఇప్పుడు మన గుమ్మము. డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలో మనము పళ్లెమునిండ వాగ్దాన చీట్లు బోర్లించి పెట్టి, ఒక్కొక్కరిచేత ఒక్కొక్కటి తీయించుచున్నాము. నేనును అనేక సంవత్సరములు ఆ పళ్లెము పట్టుకొని నిలిచితిని. చీటుల మాట లేఖనములలో లేదా యని అడుగుదురు. ఉన్నది, సామెతలు 16వ అధ్యాయములో నున్నది, మత్తీయను ఏర్పరచినప్పుడు నున్నది. గాని పెంతెకొస్తు దినము తరువాత అపొస్తలులు మరల చీట్లు వేసినట్లు ఆ గ్రంథములో కనబడదు. మన చీట్ల సంగతి మరియు వేరు. వాటిలో ఒక్కదానిమీదనైనను సిలువనెత్తుకొనుమను మాట నేను చూడలేదు. లోకములో శ్రమ కలుగునని ప్రభువు చెప్పినది చూడలేదు. పువ్వుల బొమ్మ, తీయని సగము వచనము. కోరలు మనమును తీసివేసితిమి.

మూడేండ్ల క్రిందట మా సంఘములో ఒక సహోదరి తీసిన చీటిమీద 91వ కీర్తన చివరి వచనము వచ్చెను, దీర్ఘాయువును గూర్చినది. ఆమె దానిని భర్త మంచము పైగోడకు అంటించెను. ఫిబ్రవరిలో ఆయన కల్లములో పనిచేయుచునే కూలి చనిపోయెను. భూస్థాపన అయిన మూడవ దినమున ఆమె ఆ చీటిని నా చేతిలో పెట్టి, “అయ్యగారూ, దేవుడు అబద్ధమాడడుగా. మరి నేను తప్పు ముక్క తీశానా? పక్కనున్నది తియ్యాల్సిందా?” అని యడిగెను.

నా ముప్పది యేండ్ల పరిచర్యలో నన్ను ఇంతగా కోసిన ప్రశ్న లేదు. ఆమె భర్త మరణమును ఆమె వ్రేళ్లమీద వేసినది నా పళ్లెము. దేవాలయ శిఖరమున అపవాది ప్రభువుతో పలికినది కూడ ఆ కీర్తనలోని మాటయే యని, వచనమును దాని చోటునుండి పెరికి ఒకని చేతిలో పెట్టుట ఎంత పాత పద్ధతియో యని, ఆ రాత్రి నాకు తట్టెను. అంతకు ముందు తట్టలేదు.

ఈ సంగతినే శ్రీనగర్ కాలనీలో ఆ బిడ్డతో చెప్పితిని. ద్వితీయోపదేశకాండము తరువాత చదివితిమి. ఆమె దస్తాను మరల పట్టుగుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, “మేడమ్ అడిగితే తియ్యనని చెప్తాను. పని ఉంటే ఉంటుంది, పోతే పోతుంది” అనెను. పని యింకను ఉన్నది. మేడమ్ మాత్రము మునుపటివలె మాటాడుట లేదని వ్రాసెను.

గడచిన డిసెంబరు 31న మేము పళ్లెము పెట్టలేదు. 90, 91 కీర్తనలు రెండును మొదటినుండి చివరివరకు సంఘమంతయు కలిసి చదివితిమి. విధవయైన ఆ సహోదరి ముందు వరుసలో కూర్చుండెను. చాలమందికి ఇది నచ్చలేదు. గుమ్మముదగ్గర ఒక ముసలమ్మ అలవాటుచొప్పున చేయి చాచి, “నాదేదయ్యా?” అనెను. సంఘపెద్దలలో ఒకరు, “వచ్చే ఏడు కూడా ఇట్లాగే చేస్తే జనం పక్క ఊరి గుడికి పోతారండీ, అక్కడ ఇస్తున్నారు” అని నెమ్మదిగా చెప్పిరి. ఆయన చెప్పినది నిజమే. పళ్లెము బీరువాలో నున్నది. ఈ నవంబరు పెద్దల కూటములో ఆ మాట మరల వచ్చును.