‘మా మెకానిక్’ ఎవరు?

పాత కారు బాగుచేసే వీడియోల మీద ఇలాంటి సంకలనంలో వ్యాసమేమిటని అడిగేవాళ్లు ఉంటారు. మేం ఇన్నాళ్లూ తెలుగు కథల్లో, సినిమాల్లో సాయిబు ఎలా కనిపించాడో వెతుక్కున్నాం. జట్కా తోలే సాయిబు, తాయెత్తు కట్టే సాయిబు, దొర కోసం ప్రాణమిచ్చే సాయిబు. ఆ వెతుకులాట ఇంకా అయిపోలేదు. కానీ మా పిల్లలు ఇప్పుడు కథల దగ్గర లేరు. ఫోనులో వీడియోలు చూస్తున్నారు. చూడటమే కాదు, తీస్తున్నారు కూడా. విమర్శ కూడా అక్కడికి నడవాల్సిందే.

మేం చూసింది ఒక ఛానల్. నడిపేది కడపలో ఇంజనీరింగు చదివే కుర్రాడు, మా వాడే. అతని పేరు గానీ ఛానల్ పేరు గానీ రాయం. చదువుకునే పిల్లవాణ్ణి బజార్లో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ప్రొద్దుటూరులో ఒక ఇంటి వెనక పడి ఉన్న 1984 మోడల్ ప్రీమియర్ పద్మినిని కొని, లారీ మీద కర్నూలుకు తెచ్చాడు. కర్నూలులో అతని మేనమామకు షెడ్డుంది. సెలవు దొరికినప్పుడల్లా మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో వచ్చి ఆ కారు మీద పడతాడు. పని జరుగుతున్నంతసేపూ వీడియో తీస్తాడు.

వీడియోలు బాగున్నాయి. ఆ మాట ముందే చెప్పాలి. సీమ కారు ఎందుకు మేలో చెప్పిన భాగం మాకు బాగా నచ్చింది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కారు అడుగు రేకు చిల్లులు పడుతుంది. మా ఎండ ఇనుము జోలికి పోదు. రంగును తింటుంది, రబ్బరును తింటుంది. డోరు బీడింగు చిటుక్కున విరుగుతుంది, డాష్‌బోర్డు నెర్రెలు బారుతుంది, రేకు మాత్రం గట్టిగా నిలబడుతుంది. కరువు నేల ఒకందుకు పనికొచ్చిందని నవ్వుకున్నాం. మే నెలలో పద్మిని నడిరోడ్డు మీద ఎందుకు ఆగిపోతుందో కూడా చక్కగా చెప్పాడు. పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకొని ఉంటుంది. ఆ వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరైపోతే కార్బురేటరుకు అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే బండి మళ్లీ లేస్తుంది. పాతకాలం డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే ఇది. కాలేజీలో చెప్పేది కాదు.

మా తగాదా వేరే చోట ఉంది.

ఈ వీడియోల్లో ముఖం కుర్రాడిది, గొంతు కుర్రాడిది. పనిచేసే చేతులు ఇంకొకరివి. మణికట్టు దాకానే కనిపిస్తాయి. ‘మా మెకానిక్ ఈ సొట్ట తీశాడు’, ‘మా మెకానిక్ ఇంజను దించాడు’ అంటాడు. ఆ మెకానిక్ అతని తల్లికి తోడబుట్టినవాడు. ఇంట్లో ‘మామూ’ అని పిలిచే మనిషి వీడియోలో ‘మా మెకానిక్’ అయిపోయాడు. షెడ్డు బోర్డు ఒక్కసారీ కనిపించదు. జుమ్మా నమాజు చేసుకొని టోపీతో వచ్చిన మనిషి కెమెరా ముందుకు వచ్చేసరికి దృశ్యం మారిపోతుంది.

మాట కూడా కోసేశాడు. మడ్‌గార్డు సాపు చేస్తున్న రోజు మేం అక్కడే ఉన్నాం. రేకు కింద డాలీ పెట్టి పైన సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ మామూ చెప్పాడు: ‘ఇత్తా జోర్‌సే నక్కో మార్ రే, చద్దర్ రోతీ.’ అంత గట్టిగా కొట్టొద్దురా, రేకు ఏడుస్తుంది అని. గట్టిగా కొడితే రేకు సాగుతుంది, సాగిన రేకు మళ్లీ పాత వంపుకు రాదు, అప్పుడు లప్పం పూసి దాచాల్సి వస్తుంది. టింకరింగు పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. వీడియోలో ఆ చోట గిటారు మోగింది.

కర్నూలులో, కడపలో షెడ్డుకు ఒక భాష ఉంది. బోయ పిల్లవాడైనా మాల పిల్లవాడైనా పానా కావాలంటే ‘బారా-తేరా లా’ అనే అరుస్తాడు. పని నేర్పినవాడు ఏ మతంవాడైనా ఉస్తాదే. మా ఉర్దూ పండితులు దీన్ని ఉర్దూ అనరు, తెలుగు పండితులు తెలుగు అనరు. ముషాయిరాలకు పోయి వాహ్వా అనే మేం కూడా ఈ భాష గురించి ఎప్పుడూ నాలుగు వాక్యాలు రాయలేదు. పిల్లవాణ్ణి అనేముందు ఆ మాట ఒప్పుకోవాలి.

అతన్ని అడిగాం. దాచలేదు. ‘పేరు చెప్తే కారు గురించి మాట్లాడరు అంకుల్, మా గురించి మాట్లాడతారు’ అన్నాడు.

మాకు జవాబు దొరకలేదు. పత్రికలో చేరిన మొదటి రోజుల్లో మేం కూడా వార్తల కింద పేరు పెట్టకుండా ఊరిపేరుతో సరిపెట్టుకున్నవాళ్లమే. అయినా ఒకటి మాత్రం అన్నాం. భయపడి నీ పేరు దాచుకుంటే అది నీ ఇష్టం. మామూ పేరు దాచడానికి నీకు హక్కు ఎవరిచ్చారు?

ఇంగ్లండులో నిక్ బ్లాక్‌హర్స్ట్, రిచర్డ్ బ్రన్నింగ్ అనే ఇద్దరు 2013లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ‘ప్రాజెక్ట్ బింకీ’ అని వీడియోలు తీశారు. ఒక పాత ఆస్టిన్ మినీలో టయోటా సెలికా ఇంజను కూర్చోబెట్టే పని అది. అక్కడ మాట్లాడే నోరూ పనిచేసే చెయ్యీ ఒకే మనిషివి. రేకు వంచుతూ వాళ్లు వేసుకునే జోకులు కూడా వీడియోలో ఉంటాయి. మా దగ్గర చెయ్యి ఒకరిది, నోరు ఇంకొకరిది. ఈ దేశంలో పని సంగతి ఎప్పుడూ ఇంతే కదా.

పాత కారు, ముస్లిం అన్న రెండు మాటలు పక్కపక్కన పడితే జనానికి నిజాం గుర్తొస్తాడు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. పసుపురంగు బండి, వెనక సింహాసనంలాంటి సీటు. మా వాళ్లు కూడా దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. దాన్ని తుడిచినవాడు, తోలినవాడు, ఇంజను విప్పినవాడు ఎవరని ఎవరూ అడగరు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కంపెనీవాళ్లు గద్దె దించిన కథ చెప్పుకోవడానికి మాకు నోరొస్తుంది. షెడ్డు కథకు రాదు. మోటారు బళ్ల మరమ్మతు పనిలో ముస్లింలు ఎక్కువగా ఉన్నారని సచార్ కమిటీ 2006లో రాసింది. అందులో నవాబుల మనవలు ఎంతమందో మా పెద్దలు చెప్పాలి.

ఇక ‘ఒరిజినల్’ గొడవ. ఈ వీడియోల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించే మాట అదే. ఆ కారుకు ఏనాడో ఎవరో డైనమో తీసేసి మారుతి ఆల్టర్నేటరు బిగించారు. మంచి పనే చేశారు. డైనమోతో బండి నిదానంగా పోతుంటే బ్యాటరీకి చార్జింగు సరిగా ఎక్కదు, రాత్రిపూట హెడ్‌లైట్లు గుడ్డిదీపాలవుతాయి. మా వాడు ఆ ఆల్టర్నేటరు పీకేసి పాత డైనమో కోసం ఊళ్లు తిరిగాడు. దానికొక లెక్క ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. కానీ చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. 2034 నాటికి తన బండికి ఆ యోగ్యత రావాలని అతని ఆశ. ఆ నిబంధన అడగని చోట కూడా అతను అసలుతనం వెతుకుతున్నాడు.

సెలికా ఇంజను మినీలో పెడితే ఇంజనీరింగు. మామూ వయసువాళ్లు పద్మినికి మారుతి సామాను బిగిస్తే జుగాడ్. ఈ తేడా మాకు అర్థం కాదు. దొరికిన సామానుతో, డబ్బులేని గిరాకీ కోసం, నలభై అయిదు డిగ్రీల ఎండలో ఆ బళ్లను నడిపించిన తెలివి అది. దాన్ని పీకేసి ‘కల్తీ తీసేశాం’ అని చెప్పడం ఆ కారు బతికిన బతుకును తుడిచెయ్యడమే.

అసలు ఆ కారు ఎక్కడిది? ఇటలీ ఫియట్. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారై, 1974లో పద్మిని అయింది. అంబాసిడర్ కూడా ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డే. 2023 అక్టోబరులో ముంబయి రోడ్ల మీద పద్మిని టాక్సీల కాలం ముగిసినప్పుడు మన బండి పోయిందని దేశమంతా బాధపడింది. ఎవరూ దాన్ని ఇటలీ పొమ్మనలేదు. బండికి దొరికిన ఆ మర్యాద మాకు ఎన్ని తరాలకు దొరుకుతుందో.

పేరు సంగతి ఇంకా వింత. చిత్తోడు రాణి పద్మిని పేరు దానికి పెట్టారు. ఆ రాణి కథను 1540లో అవధీలో కావ్యంగా రాసింది మాలిక్ మహమ్మద్ జాయసీ అనే సూఫీ కవి. అదే రాణి పేరు మీద 2017, 2018లో సినిమాకు ఎంత గొడవ జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒక ముస్లిం కవి రాసిన రాణి పేరున్న కారును ఒక ముస్లిం చెయ్యి బాగుచేస్తే, ఆ చెయ్యి పేరు చెప్పడానికి ఒక ముస్లిం కుర్రాడు జంకుతున్నాడు.

ఇంకా సీట్ల పని మిగిలి ఉంది. ఆ పని షెడ్డు పక్క సందులో ఒక దూదేకుల పెద్దాయన చేస్తాడు. వాళ్ల నాయన విల్లుతో దూది ఏకినవాడు. ఆ పని పోయాక ఈయన సోఫాలు, కారు సీట్లు పట్టుకున్నాడు. ఆయనకు ఉర్దూ రాదు. మా వాళ్లలోనే కొందరు ఆయన్ను అందుకే సగం తురక కింద చూస్తారు. ఒక వీడియో అంతా ఆయన మీదే తియ్యి, ఆయన గొంతుతోనే, అని కుర్రాడికి చెప్పాం. ఆలోచించి సరేనన్నాడు. మామూ పేరు సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నాడు.

ముగ్గురం కలిసి పెద్దాయన దగ్గరికి వెళ్లాం. సంగతంతా విని, నోట్లో సూది తీసి పక్కన పెట్టాడు.

‘తీసుకో నాయనా, నాదేం పోయింది. మీ మామ దగ్గర పాత సీటు బాకీ ఉంది, అది కూడా అందులో చెప్పొచ్చునా?’ అన్నాడు.

మామూ నవ్వాడు. కుర్రాడు ఫోను తీశాడు.