తోలు పని మాది, అంగడి ఎవరిది?

అమెరికాలో చిన్న ఊళ్లలో గంజాయి అంగళ్లు పెట్టుకున్న నల్లజాతివాళ్ల కష్టాల గురించి ఈమధ్య చదివాను. కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి గంజాయిని అంగట్లో పెట్టి అమ్ముతున్నారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇంచుమించు ఒకేలా వాడినా, గంజాయి దగ్గరుందన్న కేసుల్లో దేశం మొత్తమ్మీద నల్లవాళ్లు అరెస్టయ్యే అవకాశం 3.64 రెట్లు ఎక్కువని ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ 2020లో లెక్క తేల్చింది. జైలు ఒకరికి, వ్యాపారం ఎక్కువగా ఇంకొకరికి.

మన దేశంలో గంజాయి అమ్మితే జైల్లో పెట్టడానికి 1985 నాటి చట్టం ఉండనే ఉంది. కానీ కష్టం ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది అనగానే నాకు గుర్తొచ్చింది తోలు.

తమిళనాడులోని రాయకోటలో మాది చెప్పుల అంగడి. మేం మాదిగలం. తమిళనాడు 2009లో ఎస్సీ కోటాలో అరుంధతియర్ల పేరుతో 3 శాతం ఉపకోటా ఇచ్చిన కులాల్లో మాదీ ఒకటి. మా తాత, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులకు తోలు తొండాలు కుట్టేవాడు. తోలును సున్నంలో నానేసి, బొచ్చు గీకి, లంద తొట్టిలో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో రోజుల తరబడి ఊనబెట్టేవాడు. అంచు కోసి చూస్తే లోపల తెల్లచార కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ లందలోకే. కూలి కళ్లంలో గింజలు. ఆ కంపుకే మమ్మల్ని ఊరవతల పెట్టామనేవాళ్లు. అదే కంపు ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో ఫ్యాక్టరీలకెక్కి ఎగుమతి సరుకైంది. మైల తోలును వదిలింది, మా చేతుల్ని వదల్లేదు.

కరెంటు మోటార్లొచ్చి కపిల పోయింది, లందా పోయింది. ఇప్పుడు నేనమ్మేది రబ్బరు, రెక్సిన్. తోలు ముట్టే పనే లేదు. టమాటాకు ధర పలికిన వారం రైతులు పిల్లలకు బూట్లు కొంటారు, పడిపోయిన వారం పాత చెప్పు తెచ్చి కుట్టేయమంటారు. షోరూముకు పోయి అలా ఎవరూ అడగరు, మమ్మల్నే అడుగుతారు. (కుట్టిస్తాను లెండి, డబ్బు డబ్బే.)

అంగడికి గది వెతికేటప్పుడు ఒకాయన అడ్వాన్సు మాట కంటే ముందు అడిగింది, "మీరెవురు?" అని. చెప్పాక గది తమ్ముడికి కావాలన్నాడు.

వ్యాపారంలో వాటా మాటకొస్తే, తెలంగాణ 2021లో మద్యం షాపుల్లో ఎస్సీలకు 10 శాతం కేటాయించింది. లైసెన్సు సర్కారు ఇవ్వగలదు, బస్టాండు పక్కన గది మాత్రం ఊరే ఇవ్వాలి. గదులున్న అయ్యలారా, ఆధారు అడగండి, అడ్వాన్సు అడగండి, బాడుగ ఆలస్యమైతే నిలదీయండి. ఆ ఒక్క ప్రశ్న వదిలేయండి.