డబ్బాలో మాగే ఆకు

అమెరికాలో మా అక్కావాళ్ల ఇంటి బేస్‌మెంటులో ఒక చెక్క బీరువా ఉంది. పై రెండు అరల్లో అక్క పెట్టిన ఆవకాయ, మాగాయ, గోంగూర గాజు సీసాల్లో వరసగా ఉంటాయి. కింది మూడు అరలూ బావవి. అవే సీసాలు, అవే మూతలు. లోపల ఉన్నది మాత్రం పైపు పొగాకు. వాటి వెనక గుండ్రటి రేకు డబ్బాలు, ఒకదానిమీదొకటి. ప్రతిదాని అడుగునా మార్కర్‌తో నెల, సంవత్సరం. ఒకటి తీసి మూత మీద బొటనవేలు పెట్టానో లేదో, "ఒరేయ్, దాని జోలికి పోకు, ఇంకా నాలుగేళ్లుంది దానికి" అని కేకేశాడు.

బావది ఒంగోలు దగ్గర పల్లె. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండున్న ఇల్లు. ఆకు ఎంత త్వరగా చెక్కులై వేలం కేంద్రానికి చేరితే అంత మేలనుకునే మనుషుల మధ్య పెరిగాడు. అలాంటివాడు యాభై గ్రాముల ఆకును పదేళ్లు కదపకుండా కాపలా కాస్తుంటే నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, ఆయన చేస్తున్నదీ బ్యారన్ పనేనని. కాకపోతే అందులో నిప్పు లేదు.

వర్జీనియా ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో వేలాడదీసి, గొట్టాల్లోంచి వేడి పంపి, ముందు పసుపు రంగుకు తెస్తారు. ఆ దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. సమయం చూసి వేడి పెంచి, ఆ చక్కెర కరిగిపోకుండా అక్కడే బిగించేస్తారు. ఆరేడు రోజుల పని. నిద్ర కాచుకోవాల్సిన పని కూడా. అంతటితో ఆకు ఆరుతుంది గానీ పచ్చిదనం పోదు. అందుకే కంపెనీలు కొన్న ఆకును మళ్లీ ఆరబెట్టి, కేసుల్లో నొక్కి, గోదాముల్లో ఏడాదో రెండేళ్లో ఉంచుతాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని మన ఇళ్లలో బస్తాలు పక్కన పెట్టేవాళ్లు, ఇదీ అలాంటిదే. పైపు పొగాకు డబ్బా ఆ గోదాముకు కొనసాగింపు.

డబ్బా మూసినప్పుడు లోపల కొంచెం గాలి మిగులుతుంది. ఆకులోని సూక్ష్మజీవులు, ఎంజైములు ముందు ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అది అయిపోయాక అసలు నెమ్మది పని మొదలవుతుంది. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రంగునూ వాసననూ మారుస్తాయి. ఉల్లిపాయ వేగి ఎర్రబడటంలో ఉన్న రసాయనమే ఇది, కాకపోతే ఏళ్ల మీద జరుగుతుంది. నిమ్మపండు రంగు ఆకు తేనె రంగుకు, తర్వాత పాత బెల్లం రంగుకు వస్తుంది. నాలుకను కొరికే గుణం తగ్గుతుంది. వేర్వేరు తోటల ఆకుల రుచులు విడివిడిగా తెలియకుండా ఒకటైపోతాయి. మొదటి ఏడాది తేడా కొద్దిగా తెలుస్తుంది. ఐదేళ్లకు బాగా తెలుస్తుంది. మంచి వర్జీనియా పదిహేను, ఇరవై ఏళ్లయినా నిలబడుతుంది.

అన్ని ఆకులూ ఇలా మాగవు. చక్కెర ఎక్కువున్న వర్జీనియాదే ఇందులో పెద్దపీట. గాలికి ఆరబెట్టే బర్లీలో చక్కెర దాదాపు ఉండదు కాబట్టి మార్పూ తక్కువే. సిరియా రేవుపట్నం పేరు పెట్టుకుని ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వచ్చే లటాకియా, కట్టెల పొగలో ఆరిన ఆకు. దాని పొగవాసన ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. ఘాటు కావాలనుకునేవాళ్లు దాన్ని త్వరగానే తెరవాలి. వెనీలా, చెర్రీ ఎసెన్సులు పట్టించిన రకాలను దాచడం దండగ. పైపూత వాసన పోతుంది, కింద చెప్పుకోదగ్గ ఆకు ఉండదు. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో తయారయ్యే పెరీక్‌ది వేరే దారి. విస్కీ పీపాల్లో స్క్రూజాకీలతో నొక్కి, దాని రసంలోనే దాన్ని ఏడాదిపాటు ఊరబెడతారు, మధ్యలో తీసి తిరగేస్తూ. వర్జీనియాలో చిటికెడు పెరీక్ కలిపిన మిశ్రమం మాగినట్టు మరేదీ మాగదని బావ అంటాడు. నేను కాదనను.

ఆకును నొక్కిన తీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లండ్ ఉత్తరాన కెండల్ అనే చిన్న ఊళ్లో 1792 నుంచి పొగాకు పని చేస్తున్న శామ్యూల్ గావిత్ కంపెనీ వాళ్ల ఫుల్ వర్జీనియా ఫ్లేక్ లాంటివి ఉన్నాయి. ఆకును ఆవిరి పట్టి, అచ్చులో నొక్కి, దిమ్మను పలకలుగా కోస్తారు. నొక్కుడుకు ఆకు రసాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. విడిగా తరిగిన పొగాకు కంటే ఆ పలక నెమ్మదిగా, లోతుగా మారుతుంది.

డబ్బా సంగతికొస్తే, దాని బలమంతా మూతలో ఉంది. గుండ్రటి డబ్బాను లోపలి శూన్యం పట్టి ఉంచుతుంది. అంచు కింద పైసా నాణెం పెట్టి తిప్పితే తప్ప రాదు. నలుచదరపు డబ్బా చూడ్డానికి ముచ్చటే గానీ మూలల దగ్గర పట్టు సడలుతుంది. ఒక చదరపు డబ్బాను ఆరేళ్లు దాచి తీస్తే లోపల ఆకు ఎండుగడ్డిలా గలగలలాడిందట. మరొకదానికి లోపలి నుంచే తుప్పు పట్టి సూదిమొన ఆనేంత బెజ్జం పడింది. ఆ రోజు బావ అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. అప్పటినుంచి ఆయన నమ్మకం సీసాల మీదకు మళ్లింది. పచ్చళ్లకు వాడే, రబ్బరు అంచు మూత ఉన్న సీసాను కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి, ఆకును నిండుగా నింపి బిగిస్తాడు. సీసాను ఉడకబెట్టడు. గాలి లాగేయడు. ఆ కాస్త గాలీ, ఆ సూక్ష్మజీవులూ లేకపోతే మాగేదేముంది? ఫ్రీజర్‌లో అసలే పెట్టడు, గడ్డకడితే ఆకు కణాలు పగిలిపోతాయి. చీకటి, చల్లదనం, ఎండాకాలమూ చలికాలమూ పెద్దగా తేడా తెలియని మూల చాలు. తేమ సరిపోయిందో లేదో యంత్రం పెట్టి చూడడు. చిటికెడు వేళ్ల మధ్య నొక్కి వదులుతాడు. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ, పొడిగా విరిగితే తక్కువ, మెల్లగా విచ్చుకుంటే సరి.

షెర్లాక్ హోమ్స్ ఈ విషయంలో మహా అనాచారి. పొగాకును పెర్షియన్ చెప్పు ముందుభాగంలో కుక్కి పెట్టుకునేవాడు, రెండ్రోజుల్లో ఎండిపోక ఏం చేస్తుంది? అయినా ఆయన్ని మనం క్షమించవచ్చు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో బూడిద చూసి పొగాకు జాతి చెప్పే తన విద్యకు ఉదాహరణగా ఆయన ఎత్తుకున్నది మన గోదావరి లంక చుట్టనే. వర్జీనియా గుంటూరు నల్లరేగడిలో వేళ్లూనుకున్నది ఆ తర్వాత, 1920లలో. అందులో ఎక్కువ భాగం సిగరెట్లలోకే పోయింది.

దాచుకోవడం వ్యసనంగా మారడానికి 2016 ఒక కారణం. ఆ ఆగస్టు నుంచి పైపు పొగాకు కూడా అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనల కిందకు వచ్చింది. ఏ రకం ఉంటుందో, ఏది పోతుందోనని జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. 2018లో కాన్సస్ సిటీలోని మెక్లెలాండ్ పొగాకు కంపెనీ మూతపడింది. ఏటా ఒక్క పంట ఆకుతో క్రిస్మస్ చియర్ అనే డబ్బా చేసి, దానిమీద ఆ సంవత్సరం వేసేవాళ్లు. డన్‌హిల్ పేరు మీద పైపు పొగాకు రావడం కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. దాంతో బీరువాలో నిద్రపోతున్న డబ్బాలకు రెట్టింపు, మూడింతల ధరలు పలికాయి. పాత డబ్బా వయసు కట్టడం ఇప్పుడొక చిన్న శాస్త్రం. లేబుల్ మీది అడ్రసు, పన్ను స్టాంపు, హెచ్చరిక మాటల తీరు చూసి చెబుతారు. ధర కోసం దాచేవాళ్ల మీద నాకు గౌరవం లేదు. తెరవకుండానే చేతులు మారే డబ్బాలో ఏముంటే ఏం?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు. మాగితే రుచి మెత్తబడుతుంది గానీ పొగలోని విషం మెత్తబడదు. డాక్టరు మానెయ్యమన్నాడు. బావ నెలకు రెండు పైపులకు తగ్గాడు, అంతకు మించి దిగలేదు.

వచ్చేసే ముందు రోజు నాకోసం ఒకటి తెరిచాడు. పదకొండేళ్ల ఫ్లేక్. నాణెం తిప్పగానే 'తుస్' మని చిన్న శబ్దం. ముందు వెనిగర్ లాంటి పుల్లటి వాసన, రెండు నిమిషాలాగితే దాని కింద ఎండు ఖర్జూరం, ఎండుగడ్డి. పలకలు దాదాపు నల్లగా ఉన్నాయి, వాటిమీద తెల్లటి చుక్కలు. బూజు పట్టిందన్నాను. ఫోను లైటు వేసి చూడమన్నాడు. బూజైతే నూగుగా, దూదిలా లేచి ఉంటుంది, ముక్కిన వాసన వేస్తుంది. ఇవి వెలుతురుకు ఉప్పురవ్వల్లా మెరిశాయి. ఏళ్ల మీద ఆకులోంచి పైకి తేలిన స్ఫటికాలు. వేలితో తాకితే గరగర.

పైపు వెలిగించాక, ఖాళీ అయిన చోట పెట్టడానికి కొత్త డబ్బా ఒకటి తెచ్చాడు. మార్కర్ తీసి అడుగున రాశాడు: 2040 దాకా ముట్టకు. అక్క కళ్లజోడు సర్దుకుని ఆ అంకె చూసి, బావ వయసు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.