ముందు నడిచే గుంపు: నాసర్, కుతుబ్

అరబ్ జాతీయవాదానికీ రాజకీయ ఇస్లాంకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని చదువుకున్నాం. ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దెల్ నాసర్ ప్రభుత్వం 1966 ఆగస్టు 29న ఇస్లామిక్ రచయిత సయ్యద్ కుతుబ్‌ను ఉరితీసిన మాటా నిజమే. అయితే నాసర్ పేరుతో వెలువడిన ‘విప్లవ తత్వం’, కుతుబ్ ‘దారిలో మైలురాళ్లు’ పక్కపక్కన పెట్టి చదివితే శత్రుత్వం కంటే ముందు పోలికే కనిపిస్తుంది.

ఇద్దరి మూలాలూ ఎగువ ఈజిప్టులోని అస్యూత్ ప్రాంతానివే. ఇద్దరికీ బ్రిటిష్ పెత్తనమంటే మంట. 1952 జులైలో నాసర్ సహా సైనికాధికారులు రాజును దించితే కుతుబ్ హర్షించాడు. 1954లో అలెగ్జాండ్రియా సభలో నాసర్‌పై కాల్పులు జరిగాయి. ముస్లిం బ్రదర్‌హుడ్‌పై వేట మొదలై, అందులో సభ్యుడైన కుతుబ్ జైలుపాలయ్యాడు.

నాసర్ పుస్తకంలో అన్నిటికన్నా నిజాయితీ గల ఘట్టం ఆయన ఆశాభంగం. సైనికులు ముందు నడిచి నియంతృత్వపు గోడ బద్దలు కొడితే చాలు, జనం బారులు తీరి వస్తారనుకున్నాడు. తీరా పెద్దల సలహా కోరితే, ఒక్కొక్కరూ పక్కవాడిని తిట్టిపోశారు. దాంతో ముందు నడిచిన సైనికులే పగ్గాలు పట్టక తప్పదన్న నిర్ణయానికొచ్చాడు. కుతుబ్ కూడా ముందు నడిచే చిన్న దళాన్నే కోరుకున్నాడు. తొలి తరం ముస్లింలు ఖురాన్ అనే ఒక్క ఊటనే తాగారంటాడు. నేటి సమాజాలన్నీ, ముస్లిం పేరున్నవి సైతం, అజ్ఞానంలోనే ఉన్నాయంటాడు. ఇందులో ఇస్లామిక్ సిద్ధాంతకర్త మౌదూదీ ప్రభావం గాఢం. నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో పుట్టిన మౌదూదీ 1930లలో హైదరాబాద్ నుంచే పత్రిక నడిపాడు.

ఈ రెండు వాదాల మధ్య సరిహద్దులు కూడా అనుకున్నంత గట్టివి కావు. 1956లో సూయజ్ కాలువపై దాడి జరిగినప్పుడు నాసర్ అల్ అజ్హర్ మసీదు వేదికే ఎక్కి ప్రజలకు ధైర్యం చెప్పాడు. 1961లో ఆ మసీదుతో ముడిపడిన విద్యాపీఠాన్నే చట్టంతో సర్కారు చేతిలోకి తెచ్చుకున్నాడు. మరోవైపు కుతుబ్ చెప్పిన దళం పాత మత పండితుల కొలువులా ఉండదు. ఆధునిక విప్లవ పార్టీని తలపిస్తుంది.

తేడా ఓటమి దగ్గర తేలుతుంది. నాసర్ పందెం కాసింది కంటికి కనిపించే ఫలితాల మీద: కాలువ, ఐక్యత, సైన్యం. సిరియాతో కలయిక 1961లో తెగిపోయింది. 1967 జూన్ యుద్ధంలో ఆరు రోజుల్లో సైన్యం కుప్పకూలింది. ఆ లెక్కను చరిత్ర సరిచూసి తప్పని తేల్చగలిగింది. కుతుబ్ సిద్ధాంతానికి ఆ పరీక్షే లేదు. ఓడితే సమాజం ఇంకా అజ్ఞానంలోనే ఉందని అర్థం. 1967 తర్వాత ఒక వాదం నీరసించి మరొకటి పుంజుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అంతమాత్రాన నాసర్‌కు మార్కులు వేయలేం. జనం సిద్ధంగా లేరన్న మాటతోనే ఇద్దరూ బయల్దేరారు. ఒకరు నాయకుడికీ, మరొకరు దైవశాసనం పేరిట ఒక దళానికీ అధికారం కట్టబెట్టారు. పాలకుణ్ణి ఓటుతో దించే మామూలు పౌరుడికి ఈ రెండు పుస్తకాల్లోనూ చోటు లేదు.