జాప్యం జాడ తీసే నేర్పు

పాణ్యం వంటి మండల కేంద్రంలో అడంగల్ నకలు కోసం మీసేవ కౌంటరు ముందు నిలబడిన రైతుకు ‘సర్వర్ స్లో’ అన్న మాటే వినిపిస్తుంది గాని, ఆ జాప్యానికి మూలం వెదికే నిపుణుల పనితనం కనిపించదు. సర్వరు ప్రాసెసరు ఖాళీగానే ఉందని తేలాక వారు ప్యాకెట్లను, అంటే సందేశాల చిన్న ముక్కలను, నెట్‌వర్క్ రాకపోకలను నమోదు చేసి చూపే వైర్‌షార్క్‌లో మైక్రోసెకన్ల లెక్కన పరిశీలించి, సేవ కోరే వైపున్న అప్లికేషన్, అనగా క్లయింటు, వచ్చిన సమాచారాన్ని సకాలంలో చదువుకోక ‘ఇక చోటు లేదు’ అని తెలిపే సున్నా విండో సంకేతాన్ని పట్టుకుంటారు. అది అందాక సర్వరు పంపడం ఆపి వేచి ఉండక తప్పదు. ఇంతకంటే మాయదారిది లినక్సులో తరచు ఎదురయ్యే 40 మిల్లీసెకన్ల విరామం: చిన్న ముక్కలను కూడబెట్టి పంపే నేగిల్ పద్ధతి (1984), అందినట్టు తెలిపే రసీదును కాస్త ఆపి పంపే అలవాటు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. పదేపదే కనిపించే ఆ అంకెను బట్టే, క్లయింటు ఒకే అభ్యర్థనను రెండుగా విడగొట్టి పంపుతోందని గ్రహించి, ఒక్కసారిగా పంపేలా సరిచేయడం నిజంగా ముచ్చటైన విద్య.