గ్రేట్‌వాల్: చెరిపే చేతికి పని పెట్టిన కైనేజ్

కణం రెండుగా చీలబోయే ముందు అందులోని వందలాది ప్రొటీన్లకు ఫాస్ఫేట్ వచ్చి చేరుతుంది. ఆ తగిలించే పని కైనేజ్‌లనే ఎంజైమ్‌లది. అందుకు కావలసిన ఫాస్ఫేట్‌ను అవి ఏటీపీ నుంచి తీసుకుంటాయి. 1929లో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మనిషిలో కైనేజ్‌లు 500కు పైనే ఉన్నా, పరిశోధకుల చూపు చాలాకాలం కొన్నింటి మీదే నిలిచింది. విభజన మాట వస్తే అందరూ సీడీకే1 అనే కైనేజ్ పేరే ఎత్తుతారు. నాకు మాత్రం దాని పక్కన ఉండి పనిచేసే గ్రేట్‌వాల్ పనితనమే ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది.

2004లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గోల్డ్‌బర్గ్ బృందం డ్రోసోఫిలా ఈగల్లో దీన్ని గుర్తించింది. ఈ జన్యువు చెడితే క్రోమోజోములు సరిగా ముడుచుకోవు, విభజన ఆలస్యమవుతుంది. తర్వాత కప్ప గుడ్ల నుంచి తీసిన ద్రవంతో చేసిన ప్రయోగాల్లో అసలు చిక్కు బయటపడింది. గ్రేట్‌వాల్‌ను తీసేస్తే, సీడీకే1 చురుగ్గానే ఉన్నా ఆ ద్రవం విభజన దశ నుంచి జారిపోయింది. ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ నిక్షేపంగా ఉండగా, తగిలించినవి ఎందుకు ఊడిపోతున్నాయి?

ఊడదీసే ఎంజైమ్ ఇంకొకటి ఉంది కాబట్టి. దాని పేరు పీపీ2ఏ-బీ55. అది ఫాస్ఫటేజ్. విభజన జరిగేంతసేపూ దాన్ని అదుపులో పెట్టాలి. ఆ బాధ్యత గ్రేట్‌వాల్‌ది. అయితే అది పీపీ2ఏ జోలికి నేరుగా వెళ్లదు. ఎండోసల్ఫిన్, ఏఆర్‌పీపీ19 అనే జంట చిన్న ప్రొటీన్లలో ఒక్క సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి ఊరుకుంటుంది. ఇంగ్లండ్‌లో టిమ్ హంట్, సతోరు మొచిదాల బృందం, ఫ్రాన్స్‌లోని మాంపెలియే బృందం 2010లో ఈ సంగతి విడివిడిగా తేల్చాయి.

ఇక్కడి నేర్పు నిదానంగా చూడదగ్గది. ఫాస్ఫేట్ తగిలిన ఎండోసల్ఫిన్ ఫాస్ఫటేజ్‌కు అడ్డుపెట్టిన రాయి కాదు, దానికి ఆహారమే. సీడీకే1 ముద్ర వేసిన ప్రొటీన్లను పీపీ2ఏ-బీ55 వదులుగా పట్టుకుని చకచకా శుభ్రం చేస్తుంది. ఎండోసల్ఫిన్‌ను మాత్రం గట్టిగా పట్టుకుని, చాలా నెమ్మదిగా దాని ఫాస్ఫేట్ తీస్తుంది. నోట్లో ముదురు చెరుకు ముక్క పెట్టుకున్నవాడు అది నమిలేదాకా మరొకటి తినలేడు కదా! పైగా కణంలో ఈ ఎంజైమ్ కంటే ఎండోసల్ఫిన్ అణువులే ఎక్కువ. ఒకటి వదలగానే ఇంకొకటి సిద్ధం.

విభజన ముగిసే వేళ గ్రేట్‌వాల్ చల్లబడుతుంది. కొత్త సరఫరా ఆగుతుంది. మిగిలి ఉన్న, ఫాస్ఫేట్ తగిలిన ఎండోసల్ఫిన్‌ను ఫాస్ఫటేజ్ తానే మెల్లగా ఖాళీ చేసుకుని బయటపడుతుంది. దాన్ని విడిపించడానికి మూడో ఎంజైమ్ అక్కర్లేదు. తాళమూ తాళంచెవీ ఒకే అణువులో అమర్చిన ఈ పొదుపు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది. 2014లో గోల్డ్‌బర్గ్ బృందమే ఈ తీరును కొలిచి, దానికి ‘అన్యాయమైన పోటీ’ అని పేరు పెట్టింది.

గ్రేట్‌వాల్ ఆకారం కూడా మామూలుది కాదు. కైనేజ్ భాగాన్ని రెండుగా చీలుస్తూ 500కు పైగా అమైనో ఆమ్లాల పట్టీ మధ్యలో దూరి ఉంటుంది. మానవ ప్రొటీన్ మొత్తం పొడవే 879. దాన్ని చురుకెక్కించేది సీడీకే1. కేంద్రకం గోడ కూలక ముందే గ్రేట్‌వాల్ అక్కడి నుంచి బయటికి వచ్చేస్తుంది.

ఈగల్లో పేరు పెట్టడానికి ఏడాది ముందే, 2003లో, ఈ మానవ జన్యువులో ఒక మార్పు వైద్య పత్రాలకెక్కింది. ఒక కుటుంబంలో తరతరాలుగా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండడానికి అదే కారణమని తేలింది. జన్యువు చేసే పని ఏమిటో అప్పటికి తెలియదు. ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, అవి విభజన చెందవు. అయినా అదే మార్పును ఎలుకల్లో ప్రవేశపెట్టి చూస్తే, ప్లేట్‌లెట్లలోని ఆక్టిన్ అనే ప్రొటీన్ అమరిక చెదిరిందని 2018లో వెల్లడైంది. విభజనే లేని చోట కూడా గ్రేట్‌వాల్‌కు పని ఉందన్నమాట.